పితూరీ అయిన ఏడు: మన చరిత్రలో మనకు అర్థం తెలియని మాటలు

ఎనిమిదో తరగతి పిల్లలకు రంప తిరుగుబాటు పాఠం చెబుతున్నాను. పుస్తకంలో ముఠాదార్లు ప్రభుత్వం మీద తిరగబడ్డారని ఉంది. ముఠాదారు అంటే ఎవరని అడిగాను. రెండో వరుసలో కూర్చున్న ఒక అబ్బాయి వెంటనే లేచి, "దొంగల ముఠాకి నాయకుడు మేస్టారూ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరికీ ఆ జవాబు సరైనదే అనిపించింది. పేపరు తీస్తే దొంగనోట్ల ముఠా, గంజాయి ముఠా, సినిమాకు పోతే విలన్ ముఠా. పిల్లలకు తెలిసిన ముఠా అదే. తెలిసిన అర్థంతోనే పాఠం చదువుకున్నారు. వాళ్ల లెక్కన 1879లో కొందరు దొంగల నాయకులు పోలీసుల మీద పడ్డారు, పోలీసులు వాళ్లను అణచివేశారు. అంతటితో పాఠం అయిపోయింది.

ఆ జవాబు చెప్పిన పిల్లవాడి ఇంటిని వాళ్ల ఊళ్లో ఇప్పటికీ ముఠాదారు ఇల్లు అంటారు.

అర్థం తెలియని మాట కన్నా, అర్థం తెలుసనుకున్న మాట ఎక్కువ మోసం చేస్తుందని నాకు ఆ రోజు తెలిసింది. తెలియని మాట దగ్గర పిల్లవాడు ఆగుతాడు, పక్కవాణ్ణి అడుగుతాడు, మేస్టారు వైపు చూస్తాడు. తెలిసిందనుకున్న మాట మీద కాలు ఆనించి ముందుకు పోతాడు. మన మన్యం చరిత్రలో ఇలాంటి మాటలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింటి సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ముఠా అంటే కొన్ని ఊళ్ల కట్ట. ఒక గెడ్డకు అటూ ఇటూ, ఒక కొండ వాలులో ఉన్న పది ఇరవై గూడేలను కలిపి ఒక ముఠా అనేవారు. దాని పెద్ద ముఠాదారు. అతను రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి, అందులోంచి సర్కారుకు ఒక స్థిరమైన మొత్తం కట్టాలి. తన ముఠాలో గొడవలు లేకుండా చూడాలి, అధికారులు కబురు పెడితే హాజరు కావాలి. అందుకు అతనికి ఇచ్చిన కాగితం సనదు. షరతు తప్పితే సనదు రద్దు. అంటే భూమి అతని సొంతం కాదు, పదవీ పూర్తిగా అతని చేతిలో లేదు. మైదానంలోనూ ఈ మాట ఉండేది. 1802 తర్వాత ఉత్తర సర్కార్లలో హవేలీ భూములను ముఠాలుగా విడగొట్టి ఈస్టిండియా కంపెనీ వేలం వేసింది. అక్కడ ముఠా కొనుక్కున్నవాడు జమీందారు లాంటివాడు. మన కొండల్లో ముఠాదారు వేరు. ఒకే మాటకు రెండు చోట్ల రెండు బతుకులు. కొండల్లో ఈ పద్ధతి చాలాకాలం నడిచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఠాలను రద్దు చేసి రైతువారీ కిందికి మార్చిన నిబంధన 1969 నాటిది. అంటే మన తాతలు ముఠాదారుకు శిస్తు కట్టినవాళ్లే.

ముఠాదార్లందరూ మంచివాళ్లని నేను చెప్పడం లేదు. రైతుల చేత వెట్టి చేయించుకున్నవాళ్లున్నారు. 1922లో తిరుగుబాటు వైపు నిలబడ్డవాళ్లున్నారు, సర్కారు వైపు నిలబడ్డవాళ్లూ ఉన్నారు. మంచిచెడ్డలు తేల్చాలంటే ముందు ఆ మాట ఏ మనిషిని చెబుతుందో తెలియాలి కదా.

ఇక పితూరీ సంగతి. ఇది చెప్పాలంటే మా నాయనమ్మ గురించి చెప్పాలి. ఆమెకు తన వయసు తెలియదు. ఎవరైనా అడిగితే, "పితూరీ అయిన ఏడు నేను చంకలో పిల్లని. మాయమ్మ నన్ను చంకనేసుకుని రాత్రికి రాత్రి అడివిలోకి పారిపోయిందంట" అనేది. నేనప్పుడు ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి. బళ్లో పితూరీ అంటే ఒకడి మీద ఒకడు మేస్టారికి చాడీలు చెప్పడం. "వీడు నామీద పితూరీ చెప్పాడు సార్" అని రోజూ వినేవాణ్ణి. కాబట్టి మా ముత్తవ్వ మీద ఎవరో గార్డుకో మునసబుకో చాడీ చెప్పి ఉంటారు, భయపడి పారిపోయి ఉంటుంది అనుకున్నాను. ఏం తప్పు చేసిందో అని లోపల కొంచెం సిగ్గుగా కూడా ఉండేది. ఇంకేమీ అడగలేదు.

ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు గ్రంథాలయంలో ఒక చరిత్ర పుస్తకం చదువుతుంటే ఫితూరీ అనే మాట కనబడింది. రంప ఫితూరీ, గూడెం ఫితూరీ, ఫితూరీదార్లు. అది తిరుగుబాటుకు కచేరీ వాళ్లు వాడిన మాట. అరబ్బీ నుంచి హిందుస్తానీలోకి వచ్చి, అక్కడి నుంచి మన తాలూకా కచేరీలకు చేరింది. మూలంలో లోపం, చెడు, గందరగోళం అనే అర్థాలున్న మాట. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి తుపాకులు పట్టుకుపోయింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ను కాల్చి చంపారు. ఆ మధ్య దాదాపు రెండేళ్లు మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ మన గూడేల్లో తిరిగారు. మా నాయనమ్మ చంకపిల్లగా ఉన్న ఏడు అది. ఆమె నోట నేను విన్నది చాడీల కథ కాదు, భారతదేశ చరిత్ర.

నేను ఆ పుస్తకం చదివేనాటికి ఆమె చనిపోయి నాలుగేళ్లయింది. పిల్లల్ని చంకనేసుకుని ఎటు పోయారు, ఏం తిన్నారు, ఎన్నాళ్లకు తిరిగొచ్చారు, ఇల్లు నిలబడి ఉందా, పశువులు ఏమయ్యాయి అని అడగడానికి మనిషి లేదు. ఒక్క మాట అర్థం నాకు తెలిసుంటే ఇవన్నీ అడిగి ఉండేవాణ్ణి.

సర్కారుకు గందరగోళంగా కనబడ్డది మనకు బతుకు పోరాటం. ఆ మాటనే మన పెద్దలు తీసుకుని ఏడాది గుర్తుగా వాడుకున్నారు. వాళ్ల నోట్లో దానికి తిట్టు వాసన లేదు, పొగడ్తా లేదు. కరువు ఏడు, తుపాను ఏడు అన్నట్టే పితూరీ ఏడు. మైదానపు తెలుగులో అదే మాట కుట్రగా, ఆ తర్వాత చాటుమాటు ఫిర్యాదుగా జారిపోయినట్టుంది. ఇది నా ఊహే అనుకోండి. ఒకప్పుడు సైన్యాన్ని రప్పించిన మాట ఇప్పుడు బెంచీల మధ్య చాడీ అయి కూర్చుంది.

దొర అనే మాట ఇంకో చిక్కు. తెలంగాణ కథలు చదివిన పిల్లలకు దొర అంటే గడీలో ఉండే భూస్వామి. స్వాతంత్ర్య పోరాటం పాఠం చదివినవాళ్లకు తెల్లదొర. మనకేమో కొండదొర ఒక తెగ, దొర ఒక మర్యాద. తమ్మన్నదొర, గంటందొర, మల్లుదొర అని చదవగానే, "ఈళ్లు ఇంగ్లీషోళ్లా మేస్టారూ?" అని ఒక పాప అడిగింది. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. గంటందొర బట్టిపనుకుల మునసబు పదవి పోగొట్టుకున్నవాడు. సీతారామరాజు చనిపోయిన నెల రోజులకే ఆయన్నూ చంపారు. మల్లుదొర జైలు నుంచి బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఇది చెప్పాక ఆ పాప నోటుబుక్కులో "దొర = మనోడు" అని రాసుకుంది. పూర్తిగా సరైన అర్థం కాదు. నేను దిద్దలేదు.

1879 పాఠంలో చిగురుపన్ను అని ఒక మాట వస్తుంది. పిల్లలు దీన్ని చదివి దాటిపోతారు. చింతచిగురు మీద పన్నేమో అని ఒకడన్నాడు. కల్లు చెట్ల మీద వేసిన పన్ను అది. జీలుగు చెట్టుకు, తాటిచెట్టుకు కల్లు గీసుకుని తాగడం మన వాళ్లకు అంబలి తాగడం లాంటిదే. ఇంటి అవసరానికి గీసుకునే కల్లుకు ఎవరి అనుమతి ఎందుకు? రంప మన్సబుదారు దాని మీద పన్ను గుంజాడు. పైగా సర్కారు కల్లు హక్కును ఆబ్కారీ గుత్తేదార్లకు ఇచ్చింది. ఆబ్కారీలో ఆబ్ అంటే పారసీలో నీళ్లు. సారాకు, కల్లుకు సంబంధించిన సర్కారు పని మొత్తానికి అది పేరయింది. మన్సబు అంటే హోదా, పదవి. ఈ మూడు మాటలూ ముందు పిల్లల చేత పలికించి, జీలుగు చెట్టు కిందికి తీసుకెళ్లి చూపించి, "ఈ చెట్టు గియ్యాలంటే ఎక్కడో మైదానంలో ఉన్న గుత్తేదారుకు డబ్బు కట్టాలి" అని చెబితే, 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో జనం పోలీసుల మీద ఎందుకు పడ్డారో నేను వేరే చెప్పనక్కర్లేదు. వాళ్లే చెబుతారు. అదే పాఠాన్ని పదాల అర్థాలు విడిచిపెట్టి కారణాలు ఒకటి, రెండు, మూడు అని బోర్డు మీద రాస్తే పరీక్షకు పనికొస్తుంది, అంతే.

మనం ఉండే చోటుకు పెట్టిన పేర్లే మనకు తెలియవు. ఏజెన్సీ అనగానే పిల్లలకు గ్యాస్ ఏజెన్సీ గుర్తొస్తుంది. 1839లో చేసిన 24వ చట్టం ప్రకారం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టులు, మామూలు చట్టాల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టారు. ఆ పనికి కలెక్టరును మద్రాసు గవర్నరు ఏజెంటు అన్నారు. ఏజెంటు పాలించే చోటు ఏజెన్సీ. తర్వాత గోదావరి కొండలకూ ఆ పేరు వచ్చింది. ఏజెంటు పోయాడు, గవర్నరూ ఆ గవర్నరు కాదు, పేరు మాత్రం మన బస్సు బోర్డుల మీద మిగిలింది. మన్యం మన పాత పేరు. మన్నెం అంటే కొండసీమ, అడవిసీమ. దీన్ని మాన్యం అని రాసేవాళ్లు పెద్దల్లోనూ ఉన్నారు. మాన్యం అంటే పన్ను లేకుండా గుడికో మనిషికో ఇచ్చిన భూమి. ఒక్క దీర్ఘం తేడా. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డప్పుడు నేను చూసిన ఒక ఫ్లెక్సీ మీద "మాన్యం జిల్లా" అని పెద్ద అక్షరాలతో ఉంది. మనకు ఎవరైనా మాన్యం రాసిచ్చారా!

వన్ ఆఫ్ సెవెంటీ అని చదువుకున్న యువకులు కూడా రోజూ అంటారు. అంటే ఏమిటంటే కొందరు డెబ్బైలో ఒక వంతు అంటారు, కొందరు డెబ్బై శాతం అంటారు. 1970లో వచ్చిన 1వ నిబంధన అని దాని అర్థం. షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నిబంధన 1959లో వచ్చింది. 1970లో దాన్ని గట్టిపరిచారు. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొన్నా, ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదని చెప్పింది అదే. మనల్ని కాపాడే చట్టం పేరు మనకు వంతుల లెక్కలాగా వినబడుతోంది.

పోరంబోకు మాట నాకు మరీ బాధ కలిగిస్తుంది. పని లేక తిరిగేవాణ్ణి పోరంబోకు అని తిడతాం. శిస్తు లెక్కకు బయట వదిలిన భూమి అని దాని అసలు అర్థం. ఊరి పశువులు మేసే చోటు, శ్మశానం, వాగు, బాట, చెరువు గట్టు అన్నీ అందులోనే. అందరికీ పనికొచ్చే భూమి, శిస్తు రాదు కాబట్టి కచేరీకి పనికిరాని భూమి. ఆ చూపే తిట్టుగా మారింది. రిజర్వు అడవి కూడా అంతే. బస్సులో సీటు రిజర్వు అంటే ఎవరి పేరు మీదో ఉంటుంది. 1882 మద్రాసు అటవీ చట్టం కింద అడవి రిజర్వు అయినప్పుడు అది ఎవరి పేరు మీద అయ్యింది అని ఒకసారి తరగతిలో అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి, "మన పేరు మీద మాత్రం కాదు" అని వినబడింది.

మరి అర్థాలు ఎక్కడ వెతకాలి? పాఠం చివర ఇచ్చే పదాల పట్టికలో ఒక మాటకు ఒకే అర్థం ఉంటుంది, అదీ ఇవాళ్టి అర్థం. 1885 నాటి శబ్దరత్నాకరం కావ్యాలు చదివేవారికి గొప్ప ఆసరా, కచేరీ మాటలకు అంతగా కాదు. వాటికి బ్రౌన్ మేలు. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. తెలుగులో కలిసిన అన్యభాషా పదాలకు ఆయన విడిగా ఇంకో నిఘంటువు కూడా కట్టాడు. 1855లో విల్సన్ అనే పండితుడు భారతదేశమంతటి శిస్తు మాటలు, కోర్టు మాటలు ఏరి పెద్ద పుస్తకం వేశాడు. దీన్నిబట్టి ఒక సంగతి గమనించండి. మనల్ని పాలించినవాళ్లకు కూడా ఈ మాటలు అర్థం కాలేదు. వాళ్లూ నిఘంటువు తిప్పుకుంటూనే పాలించారు. అర్థం తెలియకపోవడం మన తెలివితక్కువ కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

నిఘంటువు ఒక్కటీ చాలదు. అందులో ఒక మాట కింద నాలుగైదు అర్థాలుంటాయి. వాక్యం ఏ ఏడాదిది, ఏ ఊరిది, ఎవరు రాసింది అని చూసి అందులో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నది మళ్లీ వాక్యంలో పెట్టి చదవాలి. అతకకపోతే ఇంకోటి. అప్పటికీ తేలకపోతే ఊళ్లో పెద్దల దగ్గరికి పోవాలి. నేనైతే ముందే వాళ్ల దగ్గరికి పంపిస్తాను. పుస్తకం ఎక్కడికీ పోదు.

అడిగి నేర్చుకున్నవాళ్లలో గిడుగు వెంకట రామమూర్తిగారిని చెప్పుకోవాలి. ఆగస్టు 29న ప్రతి బళ్లో ఆయన ఫోటోకు దండ వేసి, వాడుక భాష కోసం పోరాడాడని నాలుగు మాటలు చెప్పి ముగిస్తాం. మన పిల్లలకు చెప్పాల్సింది ఇంకోటుంది. పర్లాకిమిడిలో మేస్టారుగా ఉన్న రోజుల్లో ఆయన సవరల మాట విని, అది నేర్చుకోవాలని పట్టుబట్టి, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్కో మాటా అడిగి రాసుకున్నాడు. సవర పిల్లల కోసం వాచకాలు రాశాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. మన మాట అర్థం తెలుసుకోవడానికి ఒక మైదానపు మేస్టారు ముప్పై నలభై ఏళ్లు పెట్టాడు. అదే కాలంలో, 1936లో, మంగేయి గొమాంగో సవర భాషకు సొంత లిపి తయారుచేశాడు. ఈ రెండో పేరు మన శిక్షణ పుస్తకాల్లో నాకు ఎక్కడా కనబడలేదు.

మా బళ్లో ఇప్పుడు ఒక పెద్ద పద్దుల పుస్తకం ఉంది. పిల్లలు చదువులో ఆగిపోయిన మాట, ఇంట్లో విన్న పాత మాట, కాగితం మీద కనబడ్డ మాట అందులో రాస్తారు. పక్కన ఎవరిని అడిగారో రాస్తారు. అర్థం దొరక్కపోతే గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడులు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్ని నాకూ తెలియనివే. దానికి నేను సిగ్గుపడటం మానేశాను.

కిందటేడు ఒక అమ్మాయి ప్లాస్టిక్ కవరులో మడిచిన ఒక రశీదు తెచ్చింది. అంచులు చెదలు తిన్నాయి. వాళ్ల కుటుంబం సాగు చేస్తున్న భూమికి పట్టా అడిగితే, ఎప్పటి నుంచి సాగులో ఉన్నారో పాత ఆధారం చూపించమన్నారట. ఇంట్లో ఈ కాగితం ఉంది గానీ అది జుల్మానా రశీదని, చూపిస్తే కేసు పెడతారని భయపడి బియ్యం కుండలో దాచేశారు. రశీదు మీద చదవగలిగినవి రెండే మాటలు. సివాయి జమా. ఫసలీ 1382.

అర్థాలు తరగతిలోనే వెతికాం. జమా అంటే శిస్తు లెక్క, సివాయి అంటే అది కాక. పట్టా లేని సర్కారు భూమిని సాగు చేస్తున్నవాడి దగ్గర మామూలు శిస్తు లెక్కకు అదనంగా రాసుకుని వసూలు చేసేది సివాయి జమా. జుల్మానా లాంటిదే అనుకున్నా, ఫలానా ఏడు ఫలానా మనిషి ఈ భూమి దున్నాడని సర్కారు తన చేత్తో రాసిచ్చిన మాట అది. ఆ భూమి రెవెన్యూదా, అడవిదా అన్నది వేరే తగువు. అడవిదైనా సరే, 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు సాగులో ఉన్నారా అనే అడుగుతుంది. సర్కారు కాగితాలు అందుకు సాక్ష్యం, రాయించిన పెద్దల మాట కూడా సాక్ష్యమే.

ఫసలీ 1382 దగ్గర పిల్లలు ఆగిపోయారు. ఏడు వందల ఏళ్ల కిందటి కాగితమా అన్నాడొకడు, కాకతీయుల కాలం అన్నాడు ఇంకొకడు. ఫసల్ అంటే పంట. పంటల లెక్కకు పెట్టుకున్న ఏడాది ఫసలీ, జులైలో మొదలవుతుంది, దానికి 590 కలిపితే మన ఏడాది వస్తుంది అని చెప్పాను. ఆ అమ్మాయి లేచి బోర్డు మీద కూడింది. 1972 వచ్చింది.

"అప్పటికి మా నాన్న పుట్టలేదు మేస్టారూ" అంది.

రశీదు మీద పేరు మళ్లీ చూశాం. సిరా పాలిపోయింది గానీ అక్షరాలు తెలుస్తున్నాయి. అది వాళ్ల తాత పేరు కాదు, తాత తండ్రి పేరు.